అట్ట టికెట్టు

బ్రోకర్ ఖాజా ముందే చెప్పాడు:
"అద్దె ఊరికే తక్కువ కాలేదక్కా,
స్టేషన్ గోడకీ ఆ ఇంటి గోడకీ మధ్య
రెండు స్కూటర్లు పట్టే సందు."
నాక్కావలసింది ఆ సందే అన్నాను.
పొద్దున్నే గూడూరు బండి,
నిమ్మకాయల మండీలో లెక్కలు రాసే పని.
మినీ బైపాసు అవతల్నించి స్టేషన్‌కి
ఆటోలకి పోసిన డబ్బు ఏడాదికెంతో
కూడి, కింద రెండు గీతలు గీసుకుని మరీ వచ్చాను.

మొదటి అంతస్తు దాకా నాపరాయి మెట్లు,
అక్కణ్ణించి సిమెంటు,
ఆఖరి నాలుగూ పూతలేని ఇటుక.
కట్టినాయన చేతిలో డబ్బు
ఎక్కడెక్కడ అయిపోయిందో
ఎక్కుతూ చదువుకోవచ్చు.

హజరత్తమ్మ తాళం తిప్పి
గొళ్ళెం మీద గుప్పిటతో ఒకటి గుద్దింది.
"ఇది అలవాటు చేసుకోవాల.
ఒక్కదానివేనా?"
"ఒక్కదాన్నే."
"మొగుడు?"
"ఉన్నాడు. కావలిలో. వేరే ఆమెతో."
నోటిదాకా వచ్చిన ఇంకేదో ప్రశ్నని
వక్కపలుకుతో పాటు దవడకి నెట్టేసింది.
మీరేమిట్లు అని అడగలేదు.
అప్పటికి నాలుగిళ్ళు తిరిగి ఉన్నాను,
అడగని మొదటి మనిషి.
"చేపలు వండుతావా?"
"వండుతా."
"కిటికీ తెరిచి వండు.
మద్రాసు బండోళ్ళకి
నెల్లూరొచ్చిందని తెలుస్తాది."

వంటింట్లో
అటక కింద నుంచి గట్టు దాకా నెర్రె.
దానికి అడ్డంగా, సున్నంతో అతికించిన
పాతకాలం అట్ట టికెట్టు.
పొగకి నల్లబడి
'మనుబోలు' అన్న అక్షరాలే మిగిలాయి.
"మా ఆయన బుకింగు క్లర్కు.
గోడ కదిలితే ముందు ఇది చిరుగుతాది,
చిరిగిన రోజు ఎవురూ లోపలుండొద్దు అన్నాడు.
ఆయన పోయి పదకొండేళ్ళు.
అట్నే ఉండాది చూడు."
అగ్రిమెంటు సంగతి అడిగితే
టికెట్టునే చూపించింది.

మోటారు అయిదింటికి.
బోరు నీళ్ళు ఉప్పు, పప్పు ఉడకదు.
గూడ్సు వస్తే ముందు గరిటెలు,
తర్వాత అటక మీద ట్రంకుపెట్టె,
ఆ తర్వాత నా పళ్ళు.
అయితేనేం,
తడి జుట్టుతో స్నానాలగదిలోంచే వింటాను
'దయచేసి వినండి' అనే ఆమెని.
ఇరవై నిమిషాలు ఆలస్యమంటే
పెనం మీద ఇంకో దోసె.
సాయంత్రం దిగి, మెట్లెక్కి,
నిమ్మ వాసన కొట్టే చేతుల్తోనే
గొళ్ళేన్ని గుద్దుతాను. ఒక్క దెబ్బకే.

కార్తీకంలో వాయుగుండం పట్టింది.
మూడు రోజులు వాన, ఆపైన
అర్ధరాత్రి బొగ్గు గూడ్సు.
తెల్లారి పాలు పెట్టబోతే
టికెట్టు చిరగలేదు గానీ
ఒక కొస ఊడి, గాలికి ఆడుతోంది.

ఇది అగ్రిమెంటులో లేదు.

గోడ కదిలిందో, సున్నమే ముసలిదయిందో.
హజరత్తమ్మ పైకొచ్చి
చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని
చాలాసేపు చూసింది.
వేలితో నొక్కింది. వదిలింది. మళ్ళీ ఆడింది.
"ఖాళీ చేస్తావా?" అంది
గోడ వైపే చూస్తూ.

గిన్నెలో మైదా కలిపాను.
పోయిన నెల సీజన్ టికెట్టు,
నెల్లూరు - గూడూరు, సంచిలో ఉంది.
దానికింద అడ్డంగా అతికించి
పెన్సిల్‌తో తారీకు వేశాను.
"ఇది పల్చన గదమ్మా,
ఇట్టే చిరిగిపోతాది" అంది.
"అందుకే" అన్నాను.

ఇద్దరం కాసేపు నిలబడ్డాం,
జిగురు ఆరాలి గదా.
కింద గూడూరు బండి పిలుస్తున్నారు,
ఇవాళ ఆలస్యమేమీ లేదట.
ఆమెని వంటింట్లోనే వదిలి
చెప్పులు చేత్తో పట్టుకుని
ఇటుక మెట్లు దిగాను.