దూరపు కొండలు

ష్రూస్‌బరీలో ఫిబ్రవరి.
సెవర్న్ నది ఊరి చుట్టూ మెలిక తిరిగి
కార్ పార్కుల్లోకి వచ్చి నిలబడింది
టికెట్ తీసుకోకుండా.

కౌన్సిల్ ఆఫీసు మూడో అంతస్తులో
నా దగ్గర కొండలున్నాయి.
విమానంలోంచి లేజర్ కొట్టి కొలిచినవి,
మీటరుకో అంకె చొప్పున
ఒకే ఒక్క ఫైలులో మూటగట్టినవి.
రెండువందల గిగాబైట్ల మూట.

పొద్దుటినుంచీ అందరికీ అదే కావాలి.
ఒకరికి వంతెన, ఒకరికి బడి,
ఒకరికి తమ పెరటి గోడ.
సర్వర్ అన్న మాటకి అర్థం హోటల్లో తెలుస్తుంది:
ప్లేటు ఇడ్లీ అడిగితే
పిండి రుబ్బిన రోలు కూడా మోసుకొచ్చేవాణ్ణి
ఎవరూ పనిలో ఉంచుకోరు.
నా సర్వర్ రోలు మోస్తోంది.
తెర మీద తెల్లటి గళ్ళు.

నాలుగున్నరకి ఫోను.
"ఒనియన్స్. బెరిల్ ఒనియన్స్. మెల్వర్లీ నుంచి."
(ఉల్లిపాయలే. ఇక్కడ అదొక ఇంటిపేరు.)
"అరవైరెండు గొర్రెలు, అన్నీ చూలువే.
పాకలో ఉంచనా, పైకి తోలనా?
మీ పటం ఇంకా తిరుగుతూనే ఉంది."
తిరుగుతున్నది పటం కాదు, ఆ చిన్న చక్రం.
నా తెర మీదా అదే.
ఇద్దరం కాసేపు మాట్లాడకుండా దాన్నే చూశాం.

ఇంకో మెషిన్ అద్దెకి తీసుకుందామన్నాడు డెరిక్,
బరువెక్కువైతే ఇంకో ఎద్దుని కట్టినట్టు.
కాదు, మూట విప్పాలన్నాను.

రాత్రంతా కొండల్ని గళ్ళుగా కోశాను,
అడిగిన గడి ఒక్కటే లేచి వెళ్ళేలా.
తర్వాత వాటి మీద పల్చటి పొరలు:
నాలుగు అంకెలు కలిపి ఒకటి,
అలాంటివి నాలుగు కలిపి మళ్ళీ ఒకటి.
పొర పొరకీ ఏదో ఒకటి పోతుంది.
ముందు కంచె. తర్వాత కాలవ గట్టు.
చివరికి వేల్స్ వైపు కొండలన్నీ
అరచేత్తో రాసినట్టయ్యాయి.
దూరపు కొండలు నునుపంటారు గానీ
ఊరికే అవుతాయా,
ఎవరో ఒకరు రాత్రి కూర్చుని చెక్కాలి.

ఒంటిగంటకి ఒక తప్పు చేశాను.
నీటి మీద పడ్డ లేజర్ తిరిగి రాదు.
రానిచోట ఫైలు
మైనస్ తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిదని రాసుకుంటుంది,
తెలియదు అనడానికి.
ఆ సంగతి సర్వర్‌కి చెప్పలేదు నేను.
అది దాన్నీ లెక్కలో కలిపేసి
ఊరి చుట్టూ పదికిలోమీటర్ల అగాధం గీసింది.
కింద నది మామూలుగానే పోతోంది, కిటికీలోంచి వినబడుతూ.
మొదట్నుంచీ మళ్ళీ మొదలెట్టాను.

మూడుంబావుకి మెల్వర్లీ నొక్కాను.
రెప్పపాటులో వచ్చింది.
ఆవిడ మొదటి రింగుకే ఎత్తింది.
"పాక గడప యాభైఏడు పాయింట్ ఒకటి" అన్నాను.
"నీళ్ళు యాభైఏడుకి వస్తాయంటున్నారు.
వెనకాల చిన్న మిట్టొకటి కనిపిస్తోంది, అరవై దాకా.
పై పొరల్లో లేదు. బాగా దగ్గరికొస్తేనే ఉంది."

"అదా, మా మామగారు
పాత ట్రాక్టర్‌ని పూడ్చిపెట్టిన చోటు.
అది మీకెలా తెలిసింది?"

చెప్పేలోపే బూట్ల చప్పుడు, గేటు గొలుసు,
కుక్కని ఏదో పేరుతో కేకేసింది.
ఫోను పెట్టెయ్యడం మర్చిపోయింది.
నేనూ పెట్టలేదు.
చీకట్లో గొర్రెలు కదులుతున్న చప్పుడు
చాలాసేపు, దగ్గరగా, గరుగ్గా.