సవరణ

బేతంచెర్ల, అప్పటికింకా కర్నూలు జిల్లానే.
పాలిష్ ఫ్యాక్టరీల బూడిదనీళ్లు
రోడ్డు దాటి మా స్కూలు గోడ దాకా వచ్చేవి.
తొమ్మిదో తరగతి పేపర్లు చంకన పెట్టుకొని
దూదేకుల హుసేనప్ప పందిరి కింద చేరేవాణ్ణి.
ఇంట్లో కరెంటుండదు. అక్కడ నీడుంటుంది,
ఉలి చప్పుడుంటే నిద్ర రాదు.

ఆయన నాపరాయి మీద అక్షరాలు చెక్కుతాడు.
శంకుస్థాపనలు, సమాధులు, గుడికి ఫ్యాన్లిచ్చిన వాళ్ల పేర్లు.
చదువు రెండో తరగతి. ఒత్తులన్నీ చేతికి తెలుసు,
కంటికి తెలీదు.

"ఏం పాఠం అయివారూ?"
అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, అన్నాను.
మనుషులంతా సమానంగా పుట్టారని రాసుకున్న కాగితం.
"కాగితమా, రాయా?"
తోలు. గొర్రెదో, దూడదో.
"అయితే మేలే. మడిచి దాపెట్టుకోవచ్చు."

మద్దిలేటి పేపరు చేతికొచ్చింది.
ప్రశ్న: ఆ ప్రకటనను రాసినదెవరు? రెండు మార్కులు.
జవాబు: రాసినాయన పేరు పుస్తకంలో ఉంది సార్.
బాతు ఈక పీకి మొన చెక్కి ఇచ్చినవాని పేరు లేదు.

ఎర్ర పెన్ను ఆగిపోయింది.
చదివి వినిపిస్తే హుసేనప్ప నవ్వలేదు.
"వాళ్ల నాయిన క్వారీలో పన్జేస్తాడు" అన్నాడు,
మార్కులకు అది చాలన్నట్టు.

ఇక దాచలేకపోయాను.
సమానమని రాసిన చేతి కింద
వందల మంది బానిసలున్నారని చెప్పాను.
పదకొండేళ్ల తర్వాత, ఎండాకాలంలో,
మాట బయటికి పోకుండా కిటికీలు బిగించుకొని
ఇంకో కాగితం రాశారనీ,
ప్రజలమైన మేము అని దానికి తలకట్టు పెట్టారనీ,
అదే కాగితం లోపల, తలలు లెక్కేసే చోట,
బానిసను ఐదింట మూడొంతుల మనిషి అన్నారనీ.

ఉలి ఆగింది.
"ఐదింట మూడా?"
వేళ్లు మడిచి చూసుకున్నాడు.
"క్వారీలో మగోనికి ఐదునూర్లు.
మా సుంకులమ్మక్కకు మున్నూరు.
ఆ లెక్క ఈడికి ఎవురు తెచ్చినారప్పా,
అంత దూరం నుంచి?"

నా దగ్గరున్నది తొమ్మిదో తరగతి పుస్తకం.
అందులో లేదు.

"మల్ల ఆ ముక్క కొట్టేసినారా?"
యుద్ధం జరిగింది. లక్షల్లో చచ్చారు. సవరణ వచ్చింది.
కానీ పాత వాక్యాన్ని చెరపలేదు హుసేనప్పా,
ఇప్పటికీ పైన అట్లాగే ఉంది.
ఎక్కడో కింద, అది చెల్లదని ఇంకో వాక్యం.

ఆయన మాట్లాడలేదు.
పందిరి గుంజకు సర్పంచి రాయి ఆనించి ఉంది.
మా స్కూల్లో కొత్త గది ప్రారంభోత్సవానిది,
ఎనిమిది పేర్లు, ఆరో పేరులో ఒత్తు తప్పు.
మొత్తం అరగదీసి మళ్లీ చెక్కమన్నారు, కూలి ఇవ్వరట.
ఒకసారి అరగదీస్తే రెండు నూళ్లు పలచనవుతుంది,
మూడోసారికి సుత్తి తగలకముందే పగులుతుంది.

బీడీ సగం కాలింతర్వాత అన్నాడు:
"వాళ్లది మంచి పని అయివారూ.
అరగదీస్తే తప్పు చేసింది ఎవురో తెలీకుండా పోతాది.
ఉండనీ పైన. కింద సరైంది చెక్కితే సాలు."

కిందికి ఎంత జాగా పడుతుందో,
ఎన్నేళ్లు పడుతుందో
ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

మద్దిలేటికి ఒకటిన్నర వేసి ఇంటికెళ్లాను.
ఆ అర మార్కు ఎందుకు పట్టుకున్నానో
పడుకున్నాక గాని గుచ్చుకోలేదు.
తెల్లారి కొట్టేయలేదు,
కింద రెండని వేసి సంతకం పెట్టాను.

ప్రారంభోత్సవం నాడు తెర లాగారు, చప్పట్లు కొట్టారు.
ఆరో పేరు తప్పు తప్పుగానే ఉంది.
దాని కింద ఒప్పు, కొంచెం ఇరుకుగా.
ఎవరూ చదవలేదు, టిఫిన్ పొట్లాలు పంచుతున్నారు.

మద్దిలేటి ఒక్కడే వంగి,
రాయి అడుగున ఇంకా పచ్చిగా ఉన్న సిమెంటును
గోటితో గీకుతున్నాడు,
ఇంకేమైనా చెక్కి ఉందేమోనని.