కొట్టేసిన నియమం

కాట్రేనికోనలో మందుల కొట్టు షట్టరు దించాక
పై గదిలో మా ఆట మొదలవుతుంది.
చాప మీద రాజ్యం పటం,
నాలుగు మూలలా నాలుగు దగ్గుమందు సీసాలు,
ఫ్యాను గాలికి పర్వతాలు ఎగిరిపోకుండా.
ఇరవై ముఖాల పాచిక ఒక్కటే ఉంది.
అదీ మొన్న చెక్కల సందులో పడితే
వెదురుపుల్లకి జిగురు రాసి పైకి తీశాం.

కథ చెప్పేది నేను. నియమాలు రాసేదీ నేనే,
ఏలీషా తెచ్చిచ్చిన రొయ్యల మేత లెక్కల పుస్తకంలో
వెనకనుంచి.

ఒకటి: మంత్రం నేర్చిన ప్రతివాడికీ ఒక తోడు జీవం.
పిలిస్తే వస్తుంది, పొమ్మంటే మాయమవుతుంది.
రెండు: అది ఎవరి మీదా దాడి చెయ్యదు.

"దాడి చెయ్యనప్పుడు కోడెందుకండీ ఆయ్!"
వరహాలరాజు లేచి నిలబడ్డాడు.
వాడిది డేగ. మెడ ఈకలు నిక్కించుకుని
రాక్షసుడి ముందు ఊరికే నిలబడాలట.
చూసి భయపెట్టొచ్చు, పాచిక వెయ్యి, అన్నాను.
మూడు పడింది.
డేగ తల తిప్పుకుని గింజలేరుకుంది.

మీరాబీ పులసని కోరుకుంది.
నేల మీద ఎలా నడుస్తుందే అంటే
బిందెలో మోస్తానంది, యుద్ధంలోనూ దించనంది.
ఉప్పునీళ్ళలో ఇలస, గోదారి ఎదురెక్కితే పులస,
స్థాయి పెరిగితే పేరు మారాలి, రాయి, అంది.
రాశాను. మూడోది ఆమెదే.
బిందెకి చిల్లుపడితే ఏమిటన్నది నాలుగోది.

ఏలీషా బావురుపిల్లిని అడిగాడు.
చెరువుల దగ్గర రాత్రి కాపలా వాడిది,
ఎంత యుద్ధం జరుగుతున్నా
తొమ్మిదిన్నరకి టార్చి తీసుకుని లేచిపోతాడు.
ఐదో నియమం వాడికి కుదిరినట్టు ఎవరికీ కుదరలేదు:
యజమాని కళ్ళు మూసుకుంటే
జీవం కళ్ళతో చూడగలడు, నూరు అడుగుల దాకా.
అంతసేపూ తన ఒంటికి తాను గుడ్డి, చెవుడు.
వాడు కళ్ళు మూసుకున్నాడంటే
నేను చెప్పాల్సిన కోట వాడే చెప్పేవాడు:
బురదలోంచి మడచెట్ల ఊపిరివేళ్ళు లేచి నిలబడ్డం,
పోటునీళ్ళు కాళ్ళ కిందకి చప్పుడు లేకుండా రావడం,
ముందు పంజాతో నీటిని ఒక్కసారి తట్టి
చేప దాన్ని పురుగనుకునేదాకా ఆగడం.
మా పటంలో మడ అడవి లేదు.
ఎవరూ ఆపలేదు.

ఆరోది తిండి గురించి, ఎవరూ పాటించరు.

ఏడు: తోడు జీవం చస్తే చావు కాదు.
పది నాణేల సాంబ్రాణి, ఒక గంట మంత్రం,
మళ్ళీ అదే వస్తుంది,
కావాలంటే ఇంకో రూపంలో.

ఆ శుక్రవారం గుహలో బాణం తగిలింది.
బావురుపిల్లి ప్రాణం సున్నా.
"సాంబ్రాణి తగలెయ్యరా, గంటలో వచ్చేస్తది," అన్నాడు రాజు.
ఏలీషా నాణేలు లెక్కపెట్టుకోలేదు.
"ఆ నియమం తప్పండి."

మాతో కాదు, పటంతో చెప్పాడు మిగతాది.
మూడో చెరువు కంచెకి కరెంటిచ్చింది తనే,
కుక్కలొస్తున్నాయని ఓనరు చెప్తే.
తెల్లారి చూస్తే మచ్చల ఒళ్ళు తీగకి ఒరిగి ఉంది.
నోట్లో రొయ్య కూడా లేదు.
మేత సంచిలో చుట్టి మడ వైపు పాతాడు.
"గంట కూచున్నానండి. ఎక్కువే కూచున్నాను."

కింద కొట్లో ఇంజక్షన్ల ఫ్రిజ్ మోగుతోంది.
మీరాబీ, లేని బిందెని
రెండు చేతులా ఒళ్ళోకి లాక్కుంది.

ఏడో నియమం మీద అడ్డగీత కొట్టాను.
"అయితే నా కోడికీనా?" రాజు, చాలాసేపటికి.
అన్నిటికీ.
వాడు డేగని తీసి తన వెనక పెట్టుకున్నాడు.

తొమ్మిదిన్నర.
ఏలీషా మెట్ల మీద ఆగాడు.
"అది లేకపోయాక నేను కళ్ళు మూసుకుంటే
ఏం కనపడాలండి, నియమం ప్రకారం?"

పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాను.
మేత బస్తాలు, తేదీలు, బాకీలు.
వచ్చే శుక్రవారం చెప్తానన్నాను.

కిటికీలోంచి చూస్తే
టార్చి వెలుగు గట్టు వెంబడి పోతోంది, ఒకటో చెరువు,
రెండు.
మూడో దాని దగ్గర ఆర్పేశాడు.