చేత్తో ఒక చుట్టు

పత్తికొండ బస్టాండు వెనక, ఎరువుల అంగడి పక్కన
హుసేనప్ప మోటరు రివైండింగ్ షాపు.
బోర్డు మీద రివైండింగులో ఒక సున్న రాలిపోయి మూడేళ్ళు.
ఐటీఐ సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని
నేనక్కడ నిలబడిన రోజు
ఆయన కాగితం చూడలేదు, నా వేళ్ళు చూశాడు.
"గోళ్ళు తీస్కోని రాపో."

మొదటి నెలంతా కాలిన తీగ పీకడమే.
మోటరు విప్పగానే ముందు వాసన చూడమనేవాడు.
మూడు ఫేజుల మధ్య నూట ఇరవై డిగ్రీలని రాసి
పదికి తొమ్మిది తెచ్చుకున్నవాణ్ణి నేను.
ఇక్కడ రెండు ఫేజుల తీగ బొగ్గు,
మూడోది మాత్రం నిన్న కొన్నట్టు ఎర్రగా.
"ముగ్గురన్నదమ్ముల్లో ఒగడు చెయ్యిడిస్తే
మిగతా ఇద్దరూ కాల్తారబ్బీ.
చెయ్యిడ్సినోడు సల్లగా ఉంటాడు."
ఆ ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు
పుస్తకంలో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఏప్రిల్లో దూదేకొండ నుంచి మద్దిలేటి వచ్చాడు,
ఆటోలో మోటరు, దాని మీద తడి గోనెపట్ట,
జ్వరమొచ్చిన బిడ్డ నెత్తిన గుడ్డ వేసినట్టు.
రెండెకరాల టమాటా పూత మీదుంది.
"రేపటికి కావాల" అని గడపలోనే కూర్చున్నాడు.
పొమ్మన్నా పోలేదు.

ఆ రాత్రి ఇరవై నాలుగు గాడులు, గాడికి ఇరవై రెండు చుట్లు.
సూదిలో దారమెక్కించినట్టు
ఈ కొస నుంచి నేను తోస్తే ఆ కొస నుంచి ఆయన లాగాలి.
పదిహేను, పదహారు, పదిహేడు
"యా ఊరు నాయనా మీది?" అన్నాడు మద్దిలేటి.
"హోసూరు" అన్నాను.
అంతే. పదిహేడా, పద్దెనిమిదా?
హుసేనప్ప ఏమీ అనలేదు.
తీగ వెనక్కి లాగడం మొదలుపెట్టాడు.
మళ్ళీ ఒకటి నుంచి.
తెల్లారేదాకా మద్దిలేటి నోరు తెరవలేదు.
దగ్గొస్తే బయటికి పోయి దగ్గి వచ్చాడు.

పొద్దున్నే డ్రమ్ము నీళ్ళలో ముంచి మెగ్గరు తిప్పాం.
ముల్లు చివరికంటా పోయి నిలబడింది.
నీళ్ళలో ఉండి కూడా నీళ్ళను తాకని తీగ,
నా చేతులతో.
ఇంటికి ఫోన్ చేద్దామనుకున్నాను.
ఏమని చెప్పాలో తెలియక నాలుగు ఇడ్లీలు తిని పడుకున్నాను.

తొమ్మిదో రోజు అదే ఆటో.
గోనెపట్ట లేదు.
"కాలిందా?" అన్నాను, గొంతు ఎండిపోయి.
"ల్యా. బాగనే తిరుగుతాండాది.
నీళ్ళే ల్యావు, గాలి కొడ్తాంది."
రాగి కిలో ఎంతకు పోతాదని అడిగాడు.
నేను కట్టరు తీసుకోలేదు,
తీసుకోమని ఎవరూ చెప్పలేదు కూడా.
రాగి కొనేవాడు తూకమేస్తాడు గానీ చుట్లు లెక్కపెట్టడు.

హుసేనప్ప గల్లాపెట్టె తెరిచి
మొన్న తీసుకున్న కూలిలో సగం ఆయన చేతిలో పెట్టి
చాక్‌పీసుతో మోటరు మీద పేరు రాశాడు.
"ఇంగో బోరు ఏపిచ్చినంక తీస్కపో."
"ఏపియ్యలేకపోతే?"
ఆయన అప్పటికే వేరే మోటరు బోల్టులు విప్పుతున్నాడు.

ఇప్పుడు నవంబరు. బోర్డు మీద ఆ సున్న ఇంకా పెట్టించలేదు.
కరెంటాఫీసులో పోస్టులు పడ్తాయని
నాతో చదివిన రంగస్వామి మెసేజి పెట్టాడు.
ఆదివారాలు స్తంభమెక్కడం నేర్చుకుంటున్నాను.
మిగతా రోజులు షట్టరు ఎత్తగానే
మూలనున్న మోటరు దగ్గరికి పోతాను.
పేరు మాసిపోయుంటే మళ్ళీ దిద్దుతాను.
షాఫ్టు పట్టుకుని చేత్తో ఒక చుట్టు తిప్పుతాను,
బుష్షులు పట్టెయ్యకుండా.