హద్దురాయి

లూయిస్ దీవిలో బల్లారాధనకు ముందు వచ్చే శుక్రవారం
ప్రశ్నల దినం.
మగవాళ్లంతా మందిరంలో ఒకరి తర్వాత ఒకరు లేచి
నిజమైన విశ్వాసికి గుర్తులేమిటో చెబుతుంటారు.
మోకాలు వాచి నేను ఇంట్లోనే ఉండిపోయాను.
పదకొండింటికి పెరటి వెనక
ఒంటిచక్రం బండి కీచుమంది.

కిటికీ అద్దం మీది ఉప్పు తుడిచి చూస్తే
టోర్కిల్.
డెబ్బై నాలుగేళ్ల వీపు కొడవలిలా వంగి ఉంది.
పీట్ పెళ్లలు మోసే బండిలో
పీట్ కాదు, రాయి.

ఆ రాయి నాకు తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్ల కిందట, పొగమంచు పట్టిన ఒక రాత్రి
అది పద్నాలుగు అడుగులు నడిచి
మా బార్లీ చేనులోకొచ్చి కూర్చుంది.
రాళ్లకు కాళ్లుండవని చంటిపిల్లలకూ తెలుసు.
ఫిన్లే నవ్వేశాడు. "పోనీలే ఎఫీ,
పద్నాలుగు అడుగుల్లో గాలి తప్ప ఏం పండుతుంది?"
ఆ చలికాలమే సముద్రం అతణ్ణి తీసుకుంది.

నేను నవ్వలేదు.
రాయి లేచిన చోట పాలిపోయిన గడ్డి
మళ్లీ పచ్చబడేదాకా రోజూ వెళ్లి చూశాను.
ఒక్కమాటా అనలేదు.
అనకపోవడమే నా ఆస్తి.

ఏడాదికి రెండుసార్లు
సీసపు బిళ్ల అరచేతిలో వెచ్చబరుచుకుని
తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చునేదాన్ని.
టోర్కిల్ మాత్రం వెనక బెంచీ మీదే,
టోపీ మోకాళ్ల మధ్య నలుపుతూ.
"నేను పాత్రుణ్ణి కాను" అనేవాడట పెద్దలతో.
ఎంత వినయమో అని ఊరంతా మెచ్చుకుంది.
రొట్టె నాలుక మీద కరుగుతుంటే
కన్ను తిప్పి వెనక బెంచీ కేసి చూసేదాన్ని.
రొట్టెకంటే ఆ చూపే తియ్యగా ఉండేది.
ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడతను పాత గుంట వెతుకుతున్నాడు.
ఇక్కడ తవ్వి, తల అడ్డంగా ఊపి, అక్కడ తవ్వి.
చీకట్లో చేసిన పని;
ఎక్కణ్ణుంచి పెకలించాడో పగటివెలుగులో గుర్తు రావడం లేదు.
నాకు గుర్తుంది, అంగుళం తేడా లేకుండా.
క్షమించనివాళ్లకంటే బాగా కొలతలు తెలిసినవాళ్లెవరు?

కర్ర పట్టుకుని బయటికి వెళ్లాను.
అతను లేవలేదు. టోపీ తీశాడు.
"ఫిన్లే బతికుండగా రావాల్సింది ఎఫీ.
ప్రతి వసంతం రేపు రేపు అనుకున్నాను.
నువ్వు తలుపేసేస్తావని భయం."
"మరి ఇప్పుడు?"
"ఇప్పుడూ భయమే.
రాయి బండిలోకి ఎక్కించాక
ఆగడం ఎలాగో తెలియలేదు."

మందిరంలో మగవాళ్లు ఈపాటికి
ఎన్ని గుర్తులు లెక్కపెట్టారో.
ఇదొకటి ఎవరికైనా తట్టిందో లేదో:
భయం తగ్గకముందే బండి కదలడం.

మారుమనస్సంటే మనస్సు మారడమని
చిన్నప్పుడు కంఠస్థం చేశాను.
మనస్సుకు ఇంత బరువుంటుందని,
దాన్ని చోటు మారిస్తే నడుం పట్టేస్తుందని,
గోళ్లలో మట్టి ఇరుక్కుంటుందని
ఎవరూ చెప్పలేదు.

కర్ర మొనతో నేల మీద గుండ్రం గీశాను.
"ఇక్కడ."
అతను తలెత్తి చూశాడు. చాలాసేపు.
"నీకు మొదటినుంచీ తెలుసు."
"ఆ మర్నాటి నుంచే."
"అయినా మా ఆవిడ పోయిన రోజు రొట్టెలు కాల్చి తెచ్చావు."
"తెచ్చాను. ఎందుకు తెచ్చానో అడక్కు."

ఇద్దరం కలిసి దొర్లించాం.
పనికిమాలిన నా మోకాలు, అతని వీపు,
మధ్యలో దేవుడి దయ, కొంచెం తిట్లు కూడా.
గుంటలో అది తిన్నగా కూర్చోలేదు.
కాస్త పక్కకు ఒరిగింది. అలాగే వదిలేశాం.

రేపు సాయంత్రం పెద్దలు బిళ్లలు పంచుతారు.
అతను వస్తాడో రాడో.
నేనైతే ఈసారి చేయి చాచే ముందు
కొంచెం ఆగాలి.
వెనక బెంచీలో చోటు ఖాళీ అవుతుందేమో.
కొన్నాళ్లు అక్కడ కూర్చుని చూడాలి,
అక్కణ్ణుంచి బల్ల ఎంత దూరమో.