దాని తిండేటి?

పదకొండేళ్ళుగా ఒక రాజ్యం కడుతున్నాను
కంచరపాలెంలో, మేడమీది ఒంటిగదిలో,
పార్సిల్ ఆఫీసు పారేసిన
పాత రిజిస్టర్ల వెనక పేజీల్లో.
ఒక వైపు: మామిడిపళ్ళు, ఆరు బుట్టలు, టాటానగర్.
రెండో వైపు: నీలిపొలుసుల మృగం
తొలిసారి కన్ను తెరిచింది.

చదివిన ఒకే ఒక్క ప్రాణి పేరు గుమస్తా,
చెవి చిరిగిన గండుపిల్లి.
తడి సిరా మీద కూర్చుంటాడు.
నచ్చితే నిద్రపోతాడు,
నచ్చకపోయినా నిద్రపోతాడు.
తొమ్మిదో అధ్యాయంలో పట్టాభిషేకం నడుమ
నాలుగు పాదముద్రలు పడ్డాయి.
కొట్టెయ్యలేదు.
ఆ రాత్రి సింహాసనం మీంచి
ఎవరో నడిచి వెళ్ళారని రాశాను.

పొద్దున్న ఆరింటికి ఫిషింగ్ హార్బర్.
నూకరత్నం నాకోసం చేపతలకాయలు
సంచిలో కట్టి ఉంచుతుంది.
డబ్బులు తీసుకోదు, కబుర్లు తీసుకుంటుంది.
ఓ రోజు నోరుజారి చెప్పేశాను,
డాల్ఫిన్ నోస్ కింద గుహ ఉందనీ,
అందులో నా మృగం పడుకుంటుందనీ,
ఓడ కూతకి అది బదులు పలుకుతుందనీ.
కత్తిపీట ఆపకుండా వింది.
నిజమా అనలేదు, నవ్వలేదు.
"అంత జీవి గదమ్మా,
దాని తిండేటి?" అంది.

రెక్కల పొడవు మూరల్లో కొలిచాను.
ఏడు తరాల పేర్లు కట్టాను.
నిప్పు ఊదే ముందు గొంతులో
ఏ గ్రంథి ఉబ్బుతుందో బొమ్మ గీసి పెట్టాను.
పదకొండేళ్ళు
పస్తు పెట్టాను.

ఆ రోజే రాయపూర్ బండిలో
ఇనపబోనులో ఒక కుక్కపిల్ల దిగింది.
'సరుకు' అన్న గడిలో రాసుకున్నాను,
బరువు నాలుగున్నర కిలోలు.
అది నా చెప్పు వాసన చూసి
బోను మూలకి ఒదిగింది.
దానికి గడి లేదు.
యజమాని వచ్చేదాకా నా టిఫిన్ డబ్బాలో
పెరుగన్నం సగం తగ్గింది, అంతే.

పద్నాలుగో అధ్యాయం యుద్ధం.
మనుషుల్ని చంపడానికి నా చెయ్యి వణకదు,
ఒక్క పేరాలో రెండు సేనల్ని ఊడ్చేశాను.
గుర్రాల దగ్గరికొచ్చేసరికి
బీచ్ రోడ్డు మీద పిల్లల్ని మోసే తెల్లగుర్రం,
మోకాలి మీద ఈగలు ముసిరిన పుండు,
కొబ్బరిపీచు నములుతూ నావైపే చూసిన చూపు.
జీనులు విప్పేసి మూడు వందల గుర్రాల్నీ
యారాడ కొండ వెనక్కి తోలేశాను.
మిగతా యుద్ధం కాలినడకన జరిగింది.

బొగ్గు గురించి రాయలేదింకా.
మూడు కాళ్ళది, నాలుగోది
జ్ఞానాపురం వంతెన దగ్గర లారీ పట్టుకుపోయింది.
నా అడుగు మెట్టెక్కగానే
తోకతో గోడని కొట్టేది.
మొన్నటి తుపానుకి ఊరంతా కరెంటు పోయిన రాత్రి
ఆ మెట్ల కిందే పోయింది.
నా పుస్తకంలో మంత్రగత్తె ఉంది,
చనిపోయినవాళ్ళని తెచ్చిన అనుభవమూ ఉంది.
రెండుసార్లు తెప్పించాను.
రెండుసార్లూ నాలుగు కాళ్ళతో దర్జాగా వచ్చింది.
ఎవరి కుక్కో.
చింపేశాను.

ఇప్పుడు రెండున్నర.
హార్బర్లో ఏదో ఓడ కూసింది.
బదులు కోసం చెవి రిక్కించడం
అలవాటైపోయింది నాకు.
కొత్త పేజీ తిప్పాను,
వెనక: ఇత్తడి బిందెలు, నాలుగు, బరంపురం.
రాశాను:
తెల్లవారుజామున మృగం నీళ్ళ అడుక్కి దిగి
కవళ్ళు తింటుంది.
తలకాయలు తినదు.
గట్టున వదిలి పోతుంది, ఎవరికో.

గుమస్తా వచ్చి
సరిగ్గా ఆ 'ఎవరికో' మీద కూర్చున్నాడు.

ఒక్కటే మిగిలింది.
వేట నిషేధం రెండు నెలలూ సంగతేంటి?
నా మృగానికి ఆ నిషేధం వర్తించదు, తెలుసు.
అయినా రేపు
నూకరత్నాన్ని ఓ మాట అడగాలి.