నాలుగు నిమిషాలు

తెల్లటి పలక మీద ఒక చుక్క సీరం,
పక్కన ఒక చుక్క గులాబీ రంగు.
పుల్లతో కలిపి, పలకను అటూ ఇటూ ఊపుతూ
నాలుగు నిమిషాలు చూడాలి.
పాలు విరిగినట్టు విరిగితే, జబ్బు ఉన్నట్టు.
విరక్కపోతే, బహుశా లేనట్టు.

ఖొవ్ద్ దాటాక రోడ్డు లేదు, చక్రాల గాట్లే దారి.
ఏ గాటు నిరుటిదో డ్రైవర్ దొర్లిగ్ చెప్పగలడు.
ఏప్రిల్. గాలిలో ఇంకా మంచు పలుకులు.
ఖొర్లో అవ్వ గుడారం వెనక
మూడొందల పన్నెండు మేకలు.
ఒక్కోదాని మెడ దగ్గర బొచ్చు పాయ తీసి
సూది గుచ్చాను.

ఎన్ని ఈచుకుపోయాయి? అని నా ఫారంలో ఒక గడి.
"పందొమ్మిది," అంది అవ్వ, వేళ్లు మడవకుండానే.
"అన్నిటినీ ఈ వట్టి చేతులతోనే లాగాను."

మనుషుల ఫారం వేరు.
ఆ డాక్టరు వచ్చే బుధవారం వస్తాడు,
వేరే శాఖ, వేరే జీపు,
వేరే రంగు మూతల గొట్టాలు.

ఉప్పు టీ పోస్తూ అవ్వ అంది:
"మాపటికి జ్వరం, తెల్లారితే చెమట,
కీళ్లలో గులకరాళ్లు నూరినట్టు.
కోడలికి నిరుడు కడుపు పోయింది.
మేకకైతే ఒక మాట, మనిషికైతే ఇంకో మాట.
మంచిదే, మర్యాద ఉండాలి.
కానీ జ్వరానికి తెలుసా
ఏ కాగితంలోకి ఎక్కాలో?"

దానికి గడి లేదు.
మార్జిన్‌లో రాశాను, పెన్సిలుతో,
పెన్నులో సిరా గడ్డకట్టింది కనక.

రాత్రి పిడకల మంట పక్కన పలక పరిచాను.
పదకొండోది విరిగింది. పద్నాలుగోది.
ఇరవై, ఇరవై ఒకటి, వెంటవెంటనే.
అవ్వ నా భుజం మీంచి చూస్తోంది,
తోడు పెట్టిన పాల వైపు చూసే కళ్లతో.
"అది తెల్లచెవిది కదూ," అంది నంబరు చూడకుండా.
"ఇందాక టీలో దాని పాలే."
కాసేపాగి, "కాచాంలే," అంది.

ఆరేళ్లుగా ఇదే పని నాది.
సాయంత్రాలు నాకూ ఒళ్లు వెచ్చబడుతుంది.
ప్రయాణం బడలిక అనుకుంటాను.
వయసు అనుకుంటాను, ముప్పై నాలుగుకే.

అందరూ పడుకున్నాక చొక్కా చెయ్యి మడిచాను.
నెత్తురు పేరుకుని
పైకి తేట తేరేదాకా కూర్చున్నాను.
గొట్టం మీద మూడొందల పదమూడు అని రాయబోయి
ఆగాను.

చుక్క పక్కన చుక్క.
ఒక నిమిషం.
బయట ఏదో పిల్ల పొదుగు వెతుక్కుంటోంది.
రెండు.
"ఎవరిది?" చీకట్లోంచి అవ్వ.
నిద్రపోలేదన్నమాట.
"మందలోదే," అన్నాను.
మూడు.